వైమానిక శిక్షణలో ప్రమాద పాఠములు

నాగార్జున సాగరమునకు విహారయాత్ర పోయిన విద్యార్థులు ఆనకట్టను చూతురు, పడవలో నాగార్జునకొండకు పోయి వస్తువులశాలను చూతురు. దక్షిణపు టొడ్డున, మాచర్ల పోవు దిక్కుగా, విజయపురి సౌత్ వద్ద ఒక చిన్న రన్‌వే కలదని వారిలో ఎందరో ఎరుగరు. ఇటీవలి కాలమున ఆ రన్‌వే పై యువకులకు, యువతులకు విమానము నడుపుట నేర్పబడినది. ఇద్దరు మాత్రమే కూర్చుండదగిన చిన్న విమానము జలాశయము మీదుగా ఎగిరి, ఒక చుట్టు తిరిగి, మరల నేలకు దిగుట, ఇదే పాఠము. ఈ పాఠమునే శిక్షణార్థి వందల పర్యాయములు వల్లె వేయును.

2022వ సంవత్సరము ఫిబ్రవరి 26వ తేదీ ఉదయము ఇచ్చటినుండి బయలుదేరిన ఒక సెస్నా 152 విమానము నదికి ఆవలి దిక్కున, నల్లగొండ జిల్లా పెద్దవూర మండలములో తుంగతుర్తి గ్రామ ప్రాంతపు పొలములలో కూలిపోయెను. అందు ఒంటరిగా నున్న శిక్షణార్థి మరణించిరి. ఆ ప్రమాదమునకు కారణమేమని విచారించుట దర్యాప్తు సంస్థవారి పని. మన మా చర్చకు పోవలదు. కాని ఆ వార్త చదివిన ఏ ఉపాధ్యాయునికైనను ఒక ప్రశ్న తోచక మానదు. మన దేశపు నిబంధనల ననుసరించి 16 సంవత్సరములు నిండినవారు శిక్షణార్థి లైసెన్సు పొందవచ్చును. అనగా పదవ తరగతి ముగించిన పిల్లవాని వయస్సు. అట్టివానికి, ఈ విద్యలో ప్రాణాపాయ మున్నదను మాటను ఎట్లు చెప్పవలెను? చెప్పినచో భయపడి మానుకొనునేమో. చెప్పకున్న తెలియక చచ్చునేమో. విమానములు పుట్టినప్పటినుండియు గురువులను వేధించిన ప్రశ్న యిది. దీనికి వారు కాలక్రమమున కనుగొనిన సమాధానముల కథయే ఈ వ్యాసము.

కథకు ముందు కొంచెము శాస్త్రము కావలెను. మిర్యాలగూడ ప్రాంతమున ఎడమ కాలువ క్రింది వరిమళ్ళలో కొంగ వాలుటను చూడని వారుండరు. దూరమునుండి రెక్కలు చాచి జారుచు వచ్చిన కొంగ, మడి సమీపింపగానే రెక్కల ముందంచును పైకెత్తి గాలికి ఇంచుమించు అడ్డముగా నిలుపును, కాళ్ళు ముందుకు చాచును. మరుక్షణమున దాని వేగమంతయు నశించి బురదలో నిలుచును. రెక్కకును ఎదురు వచ్చు గాలికిని నడుమ కోణము పెరిగిన కొలది, రెక్కను పైకెత్తు బలము కూడ పెరుగును. కాని దీనికొక హద్దు కలదు. సాధారణ విమానపు రెక్కకు ఆ హద్దు సుమారు 15, 16 డిగ్రీలు. అది దాటగానే గాలి రెక్క పైభాగమును అంటిపెట్టుకొని జారుట మాని, విడిపోయి సుడులు తిరుగును. పైకెత్తు బలము హఠాత్తుగా పడిపోవును. దీనినే స్టాల్ అందురు. మోటారుబండి ఇంజను ఆగిపోవుటకు కూడ ఆ మాటయే వాడుటచే కొందరు పొరబడుదురు. ఇచ్చట ఇంజనుతో పని లేదు. ఆగినది రెక్క చేయు పని.

దీనిని తరగతిలో చూపుట కష్టము కాదు. ఒక పోస్టుకార్డును కొద్దిగా వంచి, పైభాగమున బెత్తెడు పొడవు గల నూలుపోగులు నాలుగైదు అంటించి, బల్లమీది పంకా ఎదుట పట్టవలెను. కోణము తక్కువగా నున్నంతసేపు పోగులు కార్డును అంటుకొని బుద్ధిగా పండుకొనును. కార్డును మెల్లగా ఎత్తుచు పోయినచో ఒక కోణమున అవి ఒక్కసారిగా రేగి, పిచ్చిగా కొట్టుకొని, కొన్ని ఎదురు తిరుగును. విద్యార్థులు స్టాల్‌ను కంటితో చూచినట్లే. పరిశోధనశాలలలో నిజమైన రెక్కలకు కూడ ఇట్లే పోగు లంటించి పరీక్షింతురు.

కొంగకు నేల జానెడు దూరములో నున్నది కనుక స్టాల్ దానికి ఉపాయమయ్యెను. నూరు మీటర్ల ఎత్తున నున్న మనిషికి అదే అపాయము. జర్మనీ దేశస్థుడు ఒట్టో లిలియెంతాల్ ఇంజను లేని రెక్కలతో సుమారు 2000 మారులు గాలిలో జారిన ధీరుడు. 1896 ఆగస్టు 9న ఆయన రెక్కల ముందుభాగము గాలి తాకిడికి పైకి లేచి, వేగము నశించి, సుమారు 15 మీటర్ల ఎత్తునుండి పడిపోయెను. మరునాడు బెర్లినులో కన్నుమూసెను. ఈ వార్తయే అమెరికాలో రైట్ సోదరులను ఈ విద్యవైపు త్రిప్పినదని వారే చెప్పుకొనిరి. ప్రమాద వార్త విని భయపడి మానుకొనుటకు బదులు, అదెట్లు జరిగినదని అడిగిన మొదటి విద్యార్థులు వారే అనవచ్చును.

స్టాల్‌కన్న ఘోరమైనది గిరికీ. ఇంగ్లీషులో దీనిని స్పిన్ అందురు. విమానము ఒక ప్రక్కకు జారుచుండగా స్టాల్ అయినచో రెండు రెక్కలు సమానముగా బలము కోల్పోవు. ఎక్కువ కోల్పోయిన రెక్క క్రిందికి క్రుంగును. క్రుంగుటవలన దాని కోణము ఇంకను పెరిగి మరింత బలహీనపడును. విమానము ముక్కు క్రిందికి వాలి, గాలిలో రాలుచున్న ఏగిస గింజవలె తిరుగుచు పడును. లోపల నున్నవానికి నేల బొంగరమువలె కనుపించును. అప్పుడు మనిషి స్వభావము ఏమి చేయించును? ముక్కు క్రిందికి పోవుచున్నది గనుక చేతికర్రను గట్టిగా వెనుకకు లాగించును. ముక్కు పైకెత్తుటకు అదే గదా మార్గము! కాని వెనుకకు లాగుటవలన రెక్క కోణము పెరిగి స్టాల్ బలపడును. బ్రతుకవలెనని చేయు పనియే చంపును. ఆ రోజులలో గిరికీలో పడినవాడు తిరిగి వచ్చి చెప్పుట అరుదు. కావున అది దైవాధీనమని, దానిని గురించి క్రొత్తవారియెదుట మాటలాడరాదని గురువులు తలంచిరి.

1912 ఆగస్టు 25న ఇంగ్లండులో, సైనిక విమానముల పోటీలు జరుగుచున్న లార్క్‌హిల్ మైదానముపై, విల్‌ఫ్రెడ్ పార్క్ అను నౌకాదళ లెఫ్టినెంటు నడుపుచున్న ఏవ్రో విమానము గిరికీలోనికి జారెను. చూచువారు ఆశ వదలుకొనిరి. పార్క్ కర్రను వెనుకకు లాగెను, చుక్కానిని తిరుగుచున్న దిక్కునకే త్రొక్కెను, ఫలము లేదు. ఇక నేల తాకబోవుచుండగా, చేసినదానికి విరుద్ధముగా చేసి చూతమని చుక్కానిని ఎదురు దిక్కునకు పూర్తిగా త్రొక్కెను. విమానము తిరుగుట మానెను. అప్పటికి నేల సుమారు 50 అడుగుల దూరములో నున్నదట. ఆయన దిగివచ్చి ఊరకుండక, తానేమి చేసినది, ఏది పనికిరానిది, ఏది పనికివచ్చినది పూసగ్రుచ్చినట్లు చెప్పెను. అది పత్రికలలో అచ్చయినది. ఆయన అదే సంవత్సరము డిసెంబరులో మరియొక విమాన ప్రమాదమున మరణించెను. కాని ఆయన చెప్పిన మాట నిలిచినది.

నిలిచినది గాని వెంటనే పాఠము కాలేదు. ఐదేండ్ల పిదప, 1917లో, ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రములో పనిచేయుచున్న ఫ్రెడరిక్ లిండెమన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు తాను విమానము నడుపుట నేర్చుకొని, చాల ఎత్తునకు పోయి, కావలెనని గిరికీలోనికి దిగెను. పడుచున్నంతసేపు వేగము, కోణములు, ఎత్తు మొదలైన అంకెలను జ్ఞాపకముంచుకొని, నేలకు దిగి కాగితముమీద వ్రాసెను. దైవాధీనమనుకొన్నది లెక్కలకు లొంగెను. తరువాత ఈయన ప్రధానమంత్రి చర్చిలునకు శాస్త్ర సలహాదారయ్యెను.

లెక్క తేలిన విద్యను బడిలోనికి తెచ్చినవాడు రాబర్ట్ స్మిత్-బారీ. ఇతడు 1914లోనే విమానము కూలి కాళ్ళు విరిగి, ఆపై జీవితాంతము కుంటుచు నడచినవాడు. 1916లో ఫ్రాన్సు యుద్ధరంగమున ఒక దళమునకు నాయకుడుగా నున్నపుడు, ఇంటినుండి వచ్చు క్రొత్త పైలట్లు కొద్ది గంటల అనుభవముతో వచ్చి కొద్ది దినములలో చనిపోవుట చూచెను. నేర్పినవారి నేమని అడిగిన, ఇది చేయకుడి, అది చేయకుడి, మలుపు గట్టిగా త్రిప్పకుడి, మేఘమువైపు పోకుడి యని చెప్పి పంపితిమనిరి. నిషేధముల జాబితాయే పాఠ్యపుస్తకము! స్మిత్-బారీ పై అధికారులకు జాబులపై జాబులు వ్రాసి, చివరకు తానే నేర్పి చూపుటకు అనుమతి పొందెను. 1917లో సముద్రతీరమున గోస్పోర్టు అను చోట ఆయన పాఠశాల ఏర్పడెను.

ఆయన చేసిన మార్పు వినుటకు చిన్నది. శిక్షణార్థి అపాయములో పడకుండ కాపాడుట గురువు పని కాదు. చాలినంత ఎత్తున, తాను తోడుండి, వానిని అపాయములో పడవేసి, అందుండి బయటపడు త్రోవ చూపుటయే గురువు పని యని ఆయన సిద్ధాంతము. అందుకై రెండేసి కర్రలు, రెండేసి చుక్కాని పెడలుగల ఏవ్రో 504 విమానములను ఎన్నుకొనెను. శిష్యుని పైలట్ స్థానమున కూర్చుండబెట్టెను. గాలి హోరులో మాట వినుటకు రబ్బరు గొట్టమును అమర్చిరి. ఒక కొనకు గరాటు, రెండవ కొనకు డాక్టరు స్టెతస్కోపువంటి చెవి గొట్టములు. దానికి గోస్పోర్టు గొట్టమనియే పేరు వచ్చెను. గిరికీలోనికి దించుచు గురువు ఆ గొట్టములో నెమ్మదిగా చెప్పును: ఇప్పుడు ఎదురు చుక్కాని, ఇప్పుడు కర్ర ముందుకు, ఇప్పుడు వదలుము. శిష్యుడు చేసి చూచును. రెండవ పర్యాయము గురువు మాటలాడడు.

మన ఇండ్లలో బావిలో ఈత నేర్పుట ఇట్టిదే గదా. నడుమునకు మునగబెండ్లు కట్టి, మామయో పెదనాయనయో మెట్టుమీద నిలుచుండి పిల్లవానిని నీటిలోనికి త్రోయును. నీళ్ళు లోతు సుమా అని గట్టుమీద కూర్చుండి నూరు మారులు చెప్పినవాడు ఈత నేర్పలేడు.

గోస్పోర్టు పద్ధతి ప్రపంచమంతట వ్యాపించెను. భారతదేశమున 1929 ఫిబ్రవరి 10న జె.ఆర్.డి. టాటా మొదటి సంఖ్యగల పైలట్ లైసెన్సు పొందెను. ఆ చుట్టుపట్ల ఏండ్లలో ఢిల్లీ, బొంబాయి, మద్రాసులందు ఫ్లయింగు క్లబ్బులు పుట్టెను. 1930 దశాబ్దములో హైదరాబాదు ఏరో క్లబ్బు ఏర్పడి బేగంపేటలో విమానాశ్రయము వెలసెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అచ్చటనే వాయుసేన ప్రాథమిక శిక్షణ పాఠశాల నడచెను. టైగర్ మాత్ అను రెండు రెక్కల విమానములందు, ముందు గురువు, వెనుక శిష్యుడు, నడుమ అదే రబ్బరు గొట్టము. హుస్సేన్‌సాగరమునకు కూతవేటు దూరమున గోస్పోర్టు పాఠము వినబడెను. 1967లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ దుండిగల్లులో వాయుసేన అకాడమీకి పునాదిరాయి వేసిరి. 1971నుండి అది పనిచేయుచున్నది. తెలుగుదేశపు ఆకాశమున ఈ విద్య వేరూనిన విధమిది.

ఇంతటితో సమస్య తీరినదనుకొన్న పొరపాటు. ఎత్తున గిరికీనుండి తప్పించుకొనుట నేర్చినవారు కూడ మరణించుచునే యుండిరి. ఎచ్చటనో చూడుడు. రన్‌వే కొరకు చివరి మలుపు తిరుగునపుడు. విమానము పక్కకు వంగి మలుపు తిరుగుచున్నచో దాని రెక్కలు బరువును మోయుటయే గాక దిశను కూడ మార్చవలెను గనుక వానిపై భార మెక్కువగును. 60 డిగ్రీలు వంగినచో భారము రెట్టింపు. స్టాల్ అగు వేగము ఆ భారముయొక్క వర్గమూలము ననుసరించి పెరుగును. సెస్నా 152 తిన్నగా పోవునపుడు గంటకు సుమారు 89 కిలోమీటర్ల వేగమున స్టాల్ అగుననుకొందము. 60 డిగ్రీల మలుపులో 1.41 చేత గుణింపగా 125 కిలోమీటర్ల వేగముననే స్టాల్ అగును. పదవ తరగతి విద్యార్థి చేయదగిన లెక్క. గాలి త్రోయుటచే రన్‌వే దాటిపోవుచున్నానని కంగారుపడి మలుపును బిగించిన శిక్షణార్థికి, వేగము చాలునని తోచినను చాలదు. ఇక ఆ విమానము ఒక్క చుట్టు గిరికీ తిరిగి తేరుకొనుటకు 300 మీటర్లవరకు ఎత్తు ఖర్చగును. చివరి మలుపునాటికి చేతిలో నున్నది అందులో సగము కూడ కాదు. పార్క్ చెప్పిన ఉపాయము తెలిసియుండియు లాభము లేదు.

ఈ సంగతి నాలోచించి అమెరికా ప్రభుత్వము 1949లో సామాన్య పైలట్ల పరీక్షనుండి గిరికీని తొలగించెను. దానికి బదులు స్టాల్ రాకమునుపు కనబడు గుర్తులను, అనగా కర్ర వదులగుట, రెక్క వణకుట, ముక్కు ఎత్తుగా నుండుట, వీనిని గుర్తించి వెంటనే కర్రను ముందుకు పంపుటను నేర్పవలెననిరి. ఉపాధ్యాయులగువారికి మాత్రము గిరికీ విద్య తప్పనిసరి. ఈ నిర్ణయముపై వాదము నేటికిని ముగియలేదు. గిరికీని ఒంటితో అనుభవింపని వాడు దానిని చూచి కొయ్యబారిపోవునని పాతవారి వాదము. నేర్పుచు కూలిన విమానముల సంఖ్య తక్కువయా యని క్రొత్తవారి ప్రశ్న. నా మట్టుకు, గుర్తు పట్టుట అందరికి నేర్పి, గిరికీని కనీస మొక్కమారు గురువు పక్కన నుండగా చూపుట మేలని తోచును. ఒకటి మరియొకదానికి బదులు కాజాలదు.

కంటికి కనబడు అపాయము కొంత నయము. ఒంటిలోనే దాగియున్న మోసము ఇంకొకటి కలదు. చెవి లోపల అర్ధవర్తుల కుల్యలు మూడుండును. వానిలోని ద్రవము మనము తిరుగుచున్నామని మెదడునకు తెలుపును. అదే వేగమున తిరుగుచు కొంతసేపు గడచినచో ద్రవము కూడ మనతోపాటు తిరిగి, కదలిక లేదని చెప్పును. ఆగినచో వెనుకకు తిరుగుచున్నామని చెప్పును. 1926లో అమెరికా సైనిక వైమానికుడు విలియం ఆకర్‌ను ఒక వైద్యుడు కండ్లు మూసి తిరుగు కుర్చీలో పరీక్షించెను. ఎంతో అనుభవముగల ఆకర్ తాను ఏ దిక్కునకు తిరుగుచున్నదియు చెప్పలేకపోయెను. ఆయన సిగ్గుపడి ఊరకుండలేదు. మరల పోయి, గైరోస్కోపు గల ఒక పరికరమును పెట్టెలో నమర్చి, దానిలోనికి చూచుచు అడిగిన ప్రతిసారి సరిగా చెప్పెను. మేఘములో ఒంటిని నమ్మరాదు, పరికరమును నమ్మవలెను అను పాఠము ఆ కుర్చీలో పుట్టెను. ఆఫీసులలో వాడు తిరుగు కుర్చీ దొరికినచో ఉపాధ్యాయులు దీనిని బడిలో చేయవచ్చును. నెమ్మదిగా త్రిప్పవలెను, పిల్లవాడు తూలి పడకుండ ఇద్దరు పక్కన నిలువవలెను.

1954లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు, పరికరములనుబట్టి విమానము నడుపుట తెలియని ఇరువదిమందిని ఎన్నుకొని, మేఘములో చిక్కుకొన్నట్లు బయట ఏమియు కనబడకుండ చేసి నడుపుమనిరి. పక్కన గురువు కలడు. ఇరువదిమందియు విమానముపై అదుపు కోల్పోయిరి. అందుకు పట్టిన సగటు కాలము 178 సెకనులు, అనగా మూడు నిమిషములు కూడ లేదు. ఈ అంకె లోకమంతట ప్రసిద్ధి కెక్కినది. దాని తరువాతి భాగమును చాలమంది చెప్పరు. వారికే కొన్ని గంటలపాటు ఒక్క పని నేర్పిరి: చేతికర్రను బిగబట్టక, పరికరమును చూచుచు, మెల్లగా వెనుకకు మరలి వచ్చిన త్రోవనే పోవుట. మరల పరీక్షింపగా 60 ప్రయత్నములలో 59 సఫలమైనవి. మొదటి అంకెను మాత్రమే చెప్పినచో అది బెదిరింపు.

మన నల్లమల కొండలపై వర్షాకాలమున ఎదుగు క్యుములోనింబస్ మేఘములను సాగరపు గట్టునుండి చూడవచ్చును. వాని లోపల గాలి ఒకచోట పైకి, పక్కనే క్రిందికి ప్రచండముగా వీచును. 2009 సెప్టెంబరు 2న బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టరు ఆ కొండలలో కూలి ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి, మరి నలుగురు మరణించిరి. దానిని నడిపినవారు శిక్షణార్థులు కారు, అనుభవజ్ఞులు. విచారణ సంఘమువారు చెడు వాతావరణమును, బలమైన క్రిందిగాలిని పేర్కొనుచు, చమురు ఒత్తిడికి సంబంధించిన ఒక హెచ్చరికకై పుస్తకములో పుట వెదకుటలో ఆరు నిమిషములకు పైగా వారి దృష్టి చిక్కుకొన్నదని తెలిపిరి. ఇట్టిది మొదటిది కాదు. 1972 డిసెంబరు 29న అమెరికాలో ఫ్లారిడా చిత్తడినేలలపై ఒక పెద్ద విమానమును, చక్రముల సూచిక దీపమొకటి వెలుగలేదని అందరును దానినే చూచుచుండగా, మెల్లగా క్రిందికి జారి కూలనిచ్చిరి. సుమారు నూరుమంది చనిపోయిరి. ఏది చెడినను ముందు విమానము నడుపుట మానకుము అను మాటను శిక్షణలో మొదటి దినముననే చెప్పుటకు ఇవి కారణములు.

ఇక యంత్రమునుగూర్చి. సెస్నా 152 ఇంజనుకు కార్బురేటరు కలదు. అందు పెట్రోలు ఆవిరియగుటవలనను, గాలి ఇరుకైన మార్గమున వ్యాకోచించుటవలనను చలి పుట్టును. సూది వేయుటకు ముందు కంపౌండరు పూయు స్పిరిటు చల్లగా తగులును గదా, అదే సూత్రము. ఆ చలి 20 డిగ్రీలకు పైగా ఉండవచ్చును. కావున బయట 25 డిగ్రీల వేడిమి ఉన్నను, గాలిలో తేమ అధికముగా నున్నచో లోపల మంచు గడ్డకట్టి ఇంజనుకు ఊపిరాడనీయదు. తెలుగుదేశమున మంచుచేత ఇంజను ఆగునని చెప్పిన పిల్లలు నవ్వుదురు. పెద్ద జలాశయము పక్కన ఎగురు శిక్షణార్థి నవ్వరాదు. దిగునపుడు వేడిగాలి పంపు పిడిని లాగుట అలవాటు చేసికొనవలెను. ఇందుకు విరుద్ధమైన బాధ వేసవిలో. 200 మీటర్ల ఎత్తున్న నేలపై 44 డిగ్రీల ఎండ కాచిన నాడు గాలి పలుచబడి, ప్రామాణిక వాతావరణములో 1300 మీటర్ల ఎత్తున ఉండు గాలితో సమానమగును. నేల సాగరపు గట్టున, విమానమునకు మాత్రము హార్స్‌లీ కొండలమీద ఉన్నట్లు. రన్‌వే చాలదు, ఎక్కుట మందగించును. రెండు గంటలకు కాక ఉదయము ఏడు గంటలకు పాఠము పెట్టుటకు ఇదియు ఒక కారణము.

శిష్యుని తప్పే ఎప్పుడును కాదు. వాయుసేనలో 1984నుండి ప్రాథమిక శిక్షణకు వాడిన హెచ్.పి.టి.-32 విమానమునకు గాలిలో ఇంజను ఆగు జబ్బుండెను. ఆగినచో అది జారుటకంటె పడుటయే అధికము. 2009 జూలై 31న మెదక్ జిల్లాలో ఇద్దరు అధికారుల ప్రాణములు తీసిన పిదప దానిని వాడుట నిలిపివేసిరి. అప్పటికి పదునేడు ప్రమాదములలో పందొమ్మిదిమంది వైమానికులు గతించిరి. ఎంత చక్కగా నేర్పినను చెడ్డ యంత్రమును నేర్పు గెలువలేదు; దానిని తొలగించుటకు అన్ని ఏండ్లు పట్టవలసినది కాదు. 2013లో స్విట్జర్లండునుండి పిలాటస్ విమానములు వచ్చినవి. అవి నమ్మదగినవని పేరు పొందెను. ఐనను 2023 డిసెంబరు 4న తూప్రాన్ వద్ద ఒక పిలాటస్ కూలి గురుశిష్యు లిద్దరును మరణించిరి.

అన్ని అపాయములను గురువు పక్కన కూర్చుండి చూపలేడు. కొండల నడుమ సాగు విద్యుత్తు తీగెలు పైనుండి కంటికి ఆనవు. తీగెకై గాక స్తంభములకై చూడుమని నేలమీదనే చెప్పవలెను. అట్టివానికి పాఠ్యపుస్తకములు ప్రమాద నివేదికలే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తన 13వ అనుబంధమున ఒక గొప్ప నియమము చేసెను: దర్యాప్తు ఉద్దేశము మరల జరుగకుండ చూచుటయే గాని, ఎవరిపైనను నిందమోపుట కాదు. మన దేశమున 2012లో ప్రత్యేక దర్యాప్తు సంస్థ ఏర్పడెను. నింద భయము లేనిచోటనే పార్క్‌వలె, నేనిది చేసితిని, అది తప్పైనది అని చెప్పువారు పుట్టుదురు.

ఇవి యన్నియు చెప్పి, స్టాల్ చూపి, గాలిలో ఇంజనును మందగింపజేసి ఎచ్చట దిగుదువని అడిగి, ఎన్నో పర్యాయములు ఎక్కించి దించిన పిమ్మట, ఒక ఉదయమున గురువు రన్‌వే చివర విమానమును ఆపించి తాను దిగిపోవును. దిగుచు మరియొక్క సంగతి చెప్పును. సెస్నా 152 నిండు బరువు సుమారు 757 కిలోగ్రాములు. అందులో గురువుగారి బరువు 70 ఉండవచ్చును. ఆ పక్క సీటు ఖాళీ కాగానే విమానము ఎన్నడును లేనంత తొందరగా నేల విడుచును, చురుకుగా ఎక్కును, దిగునపుడు నేల తాకక తేలిపోవును. ముందుగా చెప్పనిచో శిష్యుడు ఏదో చెడినదని బెదరును. అందుచేత గురువు తలుపు వేయుటకు ముందు ఆ మాట చెప్పి, కట్టు బెల్టును ఖాళీ సీటుపై బిగించి, రన్‌వే పక్కకు తప్పుకొని నిలుచును.